రిజిస్టరుకెక్కిన మునెప్ప మిషను

1981లో నేను కర్ణాటకలో తెలుగువాళ్లు చాలామంది ఉన్న చిక్కబళ్లాపురంలోని ఒక చిన్న మ్యూజియంలో గ్యాలరీ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పాత కచేరీ భవనంలో నాలుగు గదులు మావి. రెండింట్లో వీరుల పేర నిలిపిన వీరగల్లులు, విరిగిన విగ్రహాలు ఉండేవి. మూడో గదిలో రాగి పాత్రలు, నాణేలు. నాలుగోది ఖాళీ. గ్యాలరీ అసిస్టెంటు అంటే పేరు పెద్దదే గాని, చేయవలసింది అన్ని రకాల పనీ. చూడవచ్చినవాళ్లకు వివరించాలి, వస్తువుల దుమ్ము తుడవాలి, షోకేసుల్లో అమర్చాలి, పక్కన పెట్టే లేబుల్ రాయాలి. మావాళ్లు చింతామణిలో మూడు తరాలుగా అంగడి నడిపినవాళ్లు. జీతానికి రాళ్లు కాస్తున్నానని మా నాయన బంధువుల దగ్గర నొచ్చుకునేవాడు. నాకు మాత్రం ఆ పని ఇష్టం. ఆ ఇష్టంతోనే ఈ తప్పు చేశాను.

ఆ ఎండాకాలంలో మా సూపరింటెండెంటుగారు నన్ను పిలిచి, ఖాళీ గదిలో మన ప్రాంతపు మనిషి కనిపెట్టిన కొత్త సాధనం గురించి ఒక ప్రదర్శన పెడదామన్నారు. మా మ్యూజియాల శాఖవాళ్లు దానికి మ్యాచింగ్ గ్రాంటు ఇస్తారట. అంటే సగం ఖర్చు ప్రభుత్వానిది, తక్కిన సగం ఊరివాళ్ల దగ్గర చందాగా తేవాలి. ఆ సగం రాకపోతే ఈ సగమూ రాదు. "దేవుళ్లనూ రాజులనూ చూపించింది చాలు. ఒక పనిమంతుణ్ణి చూపిద్దాం. వెతుకు" అన్నారాయన కన్నడంలో. ఆయన చెడ్డ మనిషి కాడని ముందే చెప్పాలి. ఈ కథలో చెడ్డవాళ్లు లేరు.

రెండు నెలలు తిరిగాను. బాగేపల్లి దగ్గర బావిలోంచి నీళ్లు తోడే కొత్త రకం చక్రం ఉందన్నారు. పోయి చూస్తే అది తుప్పు పట్టి సగం మట్టిలో ఉంది. గూళూరులో వేరుశెనగ కాయ ఒలిచే పెట్టె చేసినాయన చనిపోయాడు, ఇంటివాళ్లు పెట్టెను పొయ్యిలోకి వాడేశారు. చివరికి జంగమకోటెలో సైకిలు రిపేరు అంగడి నడిపిన మునెప్ప పేరు చెప్పారు.

మునెప్పకు అప్పటికి అరవై దాటాయి. ముందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నేను వెళ్లేసరికి ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్క చావడిలో ఆయన భార్య నారాయణమ్మ పట్టు తీస్తోంది.

ఆ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పట్టుగూళ్ల నుంచి దారం తీయడాన్ని రీలింగ్ అంటారు. గూళ్లను కాగే నీళ్లలో వేస్తే జిగురు మెత్తబడి దారం వదులవుతుంది. ఒక్కొక్క గూటి కొస వెతికి, కొన్ని కొసలు కలిపి చరకకు ఎక్కించాలి. కొస వెతకాలంటే వేళ్లు ఆ నీళ్లలో పెట్టక తప్పదు. రోజంతా అలా పెట్టి తీసే చేతులు తెల్లగా ఉబ్బిపోతాయి, గోళ్ల చుట్టూ పుండ్లు పడతాయి. చింతామణిలో పట్టు వ్యాపారం చేసేవాళ్ల మధ్య పెరిగి కూడా ఆ చేతులను నేను దగ్గరగా చూసింది ఈ పనిమీద తిరిగినప్పుడే.

నారాయణమ్మ చేతులు అలా లేవు. ఆమె ముందు ఒక మిషను ఉంది. కుట్టుమిషను పెడలు, సైకిలు చైను, పైన ఒక ఇనుప చెయ్యి, దాని చివర ఈత చీపురు పుల్లలతో కట్టిన కుంచె. ఆమె కాలితో తొక్కితే కుంచె కాగే నీళ్లలోకి దిగి, అర చుట్టు తిరిగి, దారపు కొసలను తగిలించుకుని పైకి లేస్తుంది. పైనున్న ఇత్తడి దువ్వెన ఆ కొసలను పట్టి ఉంచుతుంది. అక్కడినుంచి ఆమె వాటిని పొడి చేతులతో అందుకుని చరకకు ఎక్కిస్తోంది. ఇంత తేలికా అనిపించింది.

"దీన్ని చేసేదానికి ఎన్నాళ్లు పట్టింది?" అని అడిగాను.

"పదకొండేండ్లు" అన్నాడు మునెప్ప. మాట కొంచెం ముద్దగా వచ్చేది. "మిషను మూడు నెల్లలో అయిపాయ. మిగిలిందంతా ఆ కుంచెకే. గట్టిగా కడితే దారం తెగిపోతాది. వదులుగా కడితే కొస తగలదు. నూరు కుంచెలు కట్టి పారేసినాను."

"ఏమిటికి మొదలుపెట్టినారు?"

ఆయన భార్యవైపు చూశాడు. "పెండ్లయిన కొత్తలో ఆయమ్మ మూడేండ్లు ఉత్త మజ్జిగన్నం తినింది. కారం తగిలితే చేతులు మంట. సంగటి ముద్ద పట్టుకోలేదు. నేనేమో పక్కన కూర్చోని కూర ఏసుకోని తింటాంటి. ఎట్ల తినేది?"

ఒకసారి ఆ మిషనును బండి మీద వేసుకుని ఏదో ఆఫీసుకు తీసుకుపోయి చూపించాడట. కుంచెతో గోడకు సున్నం వేసుకోమని నవ్వారట. మళ్లీ ఎవరికీ చూపించలేదు. పక్క ఇళ్లవాళ్లు తమకూ చేసిపెట్టమని అడిగేనాటికి చెయ్యి పడిపోయింది.

మ్యూజియం సంగతి చెప్పాను. గది మధ్యలో ఆయన మిషను పెడతామని, చూసినవాళ్లు తొక్కి చూసేలా అమరుస్తామని, గోడ మీద అది పనిచేసే తీరు బొమ్మలు గీయిస్తామని. ఆయన ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా పేరు ఉండాదా లేదా, అదేం వద్దప్పా. జనం చూడల్ల. చూసినోళ్లు ఇండ్లకాడ చేసుకుంటారు. ఇంగొకటి చేసేదానికి నాకి చెయ్యి లేదు."

నారాయణమ్మ పని ఆపకుండానే అడిగింది. "దీన్ని ఎత్తుకపోతే నేను యాడ పని చేసేదప్పా?"

నిజానికి నేను అక్కడే ఆగవలసింది. ఆగలేదు. మూడు నెలల్లో ఇలాంటిదే ఇంకొకటి చేయించి దీన్ని తిరిగి ఇచ్చేస్తామన్నాను. అది నేను కల్పించిన మాట కాదు. సూపరింటెండెంటుగారూ నేనూ అలాగే అనుకున్నాం. గ్రాంటు డబ్బుతో నకలు చేయించి దాన్నే ప్రదర్శనలో ఉంచాలని.

చిక్కు కాగితం దగ్గర వచ్చింది. మ్యూజియంలోకి వస్తువు రెండు దారుల్లో వస్తుంది. లోన్ ఫారం మీద వస్తే అది ఇచ్చినవాళ్లదే, గడువు కాగానే తిరిగి ఇవ్వాలి. గిఫ్టు ఫారం మీద వస్తే దానికి యాక్సెషన్ నంబరు పడుతుంది. అంటే శాశ్వతంగా రిజిస్టరుకెక్కుతుంది, ప్రభుత్వ ఆస్తి అవుతుంది. నేను లోన్ ఫారం తీసి పెట్టుకున్నాను. సూపరింటెండెంటుగారు దాన్ని పక్కన పెట్టేశారు. అరువు తెచ్చిన వస్తువు కోసం గ్యాలరీ కట్టడానికి శాఖ డబ్బు మంజూరు చేయదట, నంబరున్న వస్తువే చూపించాలట. "ముందు గిఫ్టుగా రానీ. నకలు తయారయ్యాక నేనే వ్రాసి దాన్ని వెనక్కి ఇప్పిస్తాను" అన్నారు. ఆయన నిజంగానే ఇప్పిస్తారని నమ్మాను. లోపల ఒక మూల నమ్మలేదు కూడా.

ఫారం ఇంగ్లీషులో ఉంది. వాకిట్లో కూర్చుని దాన్ని వాళ్లకు తెలుగులో చెప్పాను. "ఈ మిషను మ్యూజియముకు ఇస్తాండాము అని రాసిండాది" అన్నాను. ఇంతవరకు నిజమే.

"మల్ల మూన్నెల్లకి తెచ్చిస్తారని? అదీ అందులో రాసిండాదా?" అని నారాయణమ్మ అడిగింది.

"నేనుండాను కదమ్మా" అన్నాను.

అది జవాబు కాదని ఆమెకు తెలుసు. మునెప్ప ముఖం చూసి ఊరుకుంది. ఆయన ఎడమచేతి బొటనవేలు ముందుకు చాపి సిద్ధంగా ఉన్నాడు. ఆమె ఇంకు పూసి, ఆ వేలు కాగితం మీద అద్దించింది. మిషనును బస్సుపైన కట్టించి తెచ్చాను. మర్నాడు రిజిస్టరులో ఎక్కించి, ఇనుప చెయ్యి మీద తెల్ల రంగుతో నంబరు వేశాను. నంబర్లు అందంగా వేస్తానని మా ఆఫీసులో నాకు పేరుండేది.

ఆ తర్వాతి రెండు నెలలూ నా ఉద్యోగంలో నేను అంత ఉత్సాహంగా ఎన్నడూ లేను. గది కొలతలు తీసి నక్షా గీశాను. గుమ్మంలోకి రాగానే కుడివైపు మామూలు చరక, దాని వెనక గోడ మీద పెద్ద ఫొటో, ఎడమవైపు మునెప్ప పారేసిన కుంచెలు కొన్ని వరసగా, నడుమ మిషను. పారేసిన కుంచెలు పెట్టాలన్నది నా ఆలోచనే. కొత్తది కనిపెట్టడమంటే అదృష్టం కాదని, నూరుసార్లు తప్పడమని చూసినవాళ్లకు తెలియాలనుకున్నాను. ఫొటో కోసం ఒక స్టూడియో ఆయనను జంగమకోటెకు తీసుకువెళ్లాను. పొరుగింట్లో రీలింగ్ చేసే ఒకామె చేతులు ఫొటో తీశాం. ఆమె ముందు సిగ్గుపడింది, తర్వాత చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఫొటో కింద లేబుల్ కన్నడంలోనూ తెలుగులోనూ నేనే రాశాను: "కాగే నీళ్లలో ఈ చేతులు ఉడికాయి. ఒక మనిషి అది చూడలేకపోయాడు."

చందా ఇవ్వడానికి చింతామణిలో ఒక పట్టు వ్యాపారి ఒప్పుకున్నాడు. మా నాయనకు స్నేహితుడు. చిన్నప్పటి నుంచి ఆయనను మామా అని పిలిచేవాణ్ణి. ఊరివాళ్లు ఇవ్వవలసిన సగం మొత్తం ఆయన ఒక్కడే ఇస్తానన్నాడు. గదికి వాళ్ల నాయన పేరు పెట్టాలి, ఆయన పటం లోపల ఉండాలి, ఇవే షరతులు. మాకు అభ్యంతరం లేదు. నక్షా, ఫొటో, లేబుల్ తీసుకుని సూపరింటెండెంటుగారితో కలిసి ఆయన అంగడికి వెళ్లాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని లేబుల్ రెండుసార్లు చదివాడు. ఫొటో చూశాడు.

"మా నాయన పటం యాడ పెడతారు?"

నేను నక్షా మీద చూపించాను. ఫొటోకు ఎదురు గోడ.

"ఏమప్పా, మా నాయన ఎన్ని ఇండ్లకి పని ఇచ్చినాడో మీ నాయనకి తెలుసు. పోయి అడుగు. ఆయప్ప పటం ముందర ఉడికిన చేతులు పెడతావా? చూసినోళ్లు ఏమనుకుంటారు? ఈళ్ల వల్లనే కాలినాయి అనుకోరా?"

ఆయన కోపంగా అనలేదు. నొచ్చుకుని అన్నాడు. సూపరింటెండెంటుగారు వెంటనే, ఫొటో తీసేద్దాం, లేబుల్ మారుద్దాం, మిషను గురించి మాత్రమే రాద్దాం అన్నారు. ఆయన తల ఊపాడు. పని అయిపోయినట్టే. నేను ఊరుకుని ఉంటే సరిపోయేది.

"మీ రీలింగ్ షెడ్డులో ఒక్కపూట మీరు చెయ్యి పెట్టి చూడండి మామా. ఆమీద ఫొటో తీసేద్దాం" అన్నాను.

అంగట్లో లెక్క రాసే గుమస్తాలు తలలెత్తి చూశారు. ఆయన కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. "కాఫీ తాగి పోండి" అని మాత్రం అన్నాడు. చందా మాట మళ్లీ ఎత్తలేదు.

తిరుగు బస్సులో సూపరింటెండెంటుగారు వేరే సీట్లో కూర్చున్నారు. నాకు మాత్రం ఒళ్లంతా తేలికగా ఉంది. జీవితంలో మొదటిసారి ఒక పెద్ద మనిషి ముందు నిజం చెప్పాననుకున్నాను. ఆ గర్వం వారం రోజులు ఉంది.

తర్వాత చందా కోసం ఎక్కని గడప లేదు. చింతామణిలో, చిక్కబళ్లాపురంలో, బాగేపల్లిలో. మీవాళ్లే ఇవ్వనిది మేమెందుకు ఇవ్వాలని కొందరు నేరుగానే అడిగారు. కొందరు రేపు రమ్మని, రేపు ఎల్లుండి రమ్మని తిప్పారు. మార్చి నెలాఖరుకు గ్రాంటు లాప్స్ అయింది. గడువులోపల వాడుకోని మంజూరు రద్దయిపోతుంది, దాన్నే అలా అంటారు. నకలు చేయించడానికి డబ్బు లేదు. గది ఖాళీగానే ఉంది. మిషనును స్టోరులో పెట్టాం.

మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. మిషనును వెనక్కి ఇవ్వాలని ఫైలు పెట్టాను. దాన్ని డీ-యాక్సెషన్ అంటారు, రిజిస్టరుకెక్కిన వస్తువు పేరు కొట్టేయడం. ఈలోగా సూపరింటెండెంటుగారికి బదిలీ అయింది. వెళ్లేముందు నా ఫైలు మీద సిఫారసు రాసి సంతకం పెట్టారు. తన మాటలో ఆ మేరకు నిలబడ్డారు. ఎనిమిది నెలల తర్వాత పైనుంచి జవాబు వచ్చింది. దాత స్వచ్ఛందంగా ఇచ్చిన వస్తువును తిరిగి ఇవ్వడానికి నియమం లేదు. రెండోసారి రాశాను, అదే జవాబు. మూడోసారి రాస్తే జవాబే లేదు. ఒకరోజు మిషనును బండికెక్కించి తీసుకుపోదామా అని కూడా అనుకున్నాను. కొత్త సూపరింటెండెంటు ప్రతి నెలా స్టోరు సరిచూసేవాడు. పోయిన వస్తువుకు నా ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. నాకు పెళ్లయి ఏడాది. తీసుకుపోలేదు.

జంగమకోటెకు వెళ్లే ధైర్యం చాలలేదు. చివరికి ఎలాగో వెళ్లేసరికి మునెప్ప పోయి రెండు నెలలైంది. నారాయణమ్మ చావడిలో మామూలు చరక ముందు కూర్చుని ఉంది. కాగే నీళ్ల ఆవిరిలో ఆమె నన్ను మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చెయ్యి తుడుచుకుని, లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ లోటా పట్టుకున్న వేళ్లు నేను చూడకుండా ఉండలేకపోయాను.

నా జీతంతో నకలు చేయించాలనుకున్నాను. కొలతలన్నీ నా దగ్గర ఉన్నాయి. చిక్కబళ్లాపురంలో లేత్ పనివాడు ఒకతను చైనూ పెడలూ ఇనుప చెయ్యీ అచ్చం అలాగే చేశాడు. కుంచె మాత్రం ఎవరికీ చేతకాలేదు. మ్యూజియంలోని కుంచెనే మార్చి తెచ్చే ధైర్యం రాలేదు, అదీ రిజిస్టరులోదే; దాన్ని ముందర పెట్టుకుని ఆరు కట్టించాను. ఆరూ పట్టుకుని జంగమకోటె వెళ్లాను. నారాయణమ్మ కొత్త మిషను ముందు కూర్చుని ఓపికగా ఒక్కొక్క కుంచె మార్చి తొక్కింది. కొన్ని దారం తెంచాయి, కొన్ని కొసను తాకనే లేదు. సగం పూటలో ఒక చెయ్యెడు దారం కూడా రాలేదు.

"ఆయప్పే కట్టల్ల దీన్ని" అంది. "నేను పక్కనే ఉంటి. ఒకసారైనా నేర్చుకోకపోతినే." ఆ మిషనును గోడవార పెట్టించి, మళ్లీ చరక దగ్గరికి పోయి చేతులు నీళ్లలో పెట్టింది. గూళ్లు ఉడికిపోతున్నాయి, ఆలస్యమైతే చెడిపోతాయి.

1986లో ఒక మధ్యాహ్నం ఆమె మ్యూజియానికి వచ్చింది. చిక్కబళ్లాపురం ఆస్పత్రిలో చేతులు చూపించుకోవడానికి వచ్చిందట. వేళ్ల కొసలకు స్పర్శ పోయిందని, ఇక ఆ పని మానెయ్యమని డాక్టరు చెప్పాడట. మిషనును ఒక్కసారి చూసి పోతానంది. చూడవచ్చినవాళ్లను స్టోరులోకి తీసుకుపోకూడదు. తాళం తీసి తీసుకుపోయాను.

విరిగిన విగ్రహాల వెనక, గోనె కప్పి ఉంది. గోనె తీశాను. కుంచె పుల్లలను ఎలుకలు కొరికేశాయి. చైనుకు తుప్పు పట్టింది. ఆమె ఇనుప చేతిని తడిమింది. వేళ్లకు తెలియదు కాబట్టి మణికట్టుతో తడిమింది. పెడలు మీద కాలు పెట్టి తొక్కింది. అది కిర్రుమంటూ సగం దిగి ఆగిపోయింది.

"ఎంతమంది చూసినారప్పా దీన్ని?" అని అడిగింది.

ఆ గది తెరవనే లేదని ఆమెకు తెలియదు. నాలుగేళ్లుగా నేను చెప్పలేదు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరూ చూడలేదమ్మా" అన్నాను.

ఆమె పెడలు మీదినుంచి కాలు తీసింది. "ఆయప్ప పోయేటప్పుడు అడిగినాడు" అంది. "జనం వస్తాండారా అని. దండిగా వస్తాండారు, బస్సుల్లో వస్తాండారు, చూసి బొమ్మ గీసుకోని పోతాండారు అని చెప్పినాను. అది నిజమే అనుకోనే నేనూ ఉంటిని."

ఆమె గోనెను రెండు ముంజేతుల మధ్య పట్టుకుని తనే మిషను మీద కప్పింది, నేను అందుకునేలోపల. బస్టాండుదాకా వెంట వెళ్లాను. టిక్కెట్టు డబ్బులు తీయబోతే వద్దంది. బస్సెక్కేటప్పుడు కంబి పట్టుకోవడం చేతకాక మోచెయ్యి మెలేసి ఎక్కింది.

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు అదే శాఖలో పనిచేశాను. ఎవరి ఇంట్లోంచి ఏ వస్తువు తెచ్చినా, తిరిగి ఇచ్చే మాట కాగితం మీద వాళ్లకొచ్చిన భాషలో రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి వాళ్ల చేతిలో పెట్టకుండా తేలేదు. వాడుకలో ఉన్న పనిముట్టయితే ముట్టుకోనే లేదు. దీనివల్ల నా చేతుల మీదుగా మ్యూజియానికి పెద్ద వస్తువులేవీ రాలేదని కొందరు పైఅధికారులు నా రికార్డులో రాశారు. మునెప్ప మిషను మాత్రం నేను రిటైరయ్యేనాటికీ స్టోరులోనే ఉంది. వస్తువులన్నీ అప్పగిస్తూ రాసిన జాబితాలో దాని పేరు నేనే రాసి, ఎదురుగా "స్థితి: శిథిలం" అని పెట్టాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతారు. నేను నేర్చుకున్నది ఒక్కటే, అదే వాళ్లకు చెబుతాను. ఆ ఏడాది నోరు విప్పాలా, ఊరుకోవాలా అన్న ప్రశ్న నాకు రెండుచోట్ల వచ్చింది. గిఫ్టు ఫారం ముందు, మా అధికారికి ఎదురుచెప్పవలసిన చోట, మెత్తగా ఊరుకున్నాను. చింతామణి అంగట్లో, ఊరుకుంటే మిషను జనం కళ్లబడే చోట, వీరుడిలా మాట్లాడాను. మొదటిది పిరికితనమని అప్పుడే తెలుసు. రెండోది నిజాయితీ అనుకున్నాను. అందులో నా పౌరుషం ఎంతో, నారాయణమ్మ కోసం ఉన్నది ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తేలినా ఒరిగేదేమీ లేదు. రెండుసార్లూ కాలింది ఆమె చేతులే.